ఫార్దర్ - ఫర్దర్: దూరానికి ఒకటి, తీవ్రతకి ఒకటి అంటారు, నిజంగా అంతేనా?

కొత్తపదం_99:
నమస్తే అందరికీ. ఫార్దర్, ఫర్దర్ ఈ రెండింటి గొడవ ఎవరైనా తేల్చండి బాబూ. ఒకదాంట్లో ఎఫ్ తర్వాత ఏ, ఇంకోదాంట్లో ఎఫ్ తర్వాత యు, మిగతా స్పెల్లింగ్ అంతా సేమ్. మా టీమ్‌లో ఒకాయన ప్రతి మెయిల్‌లో "ఫార్దర్ డీటెయిల్స్" అని రాస్తాడు, ఇంకొకావిడ ప్రతిసారీ దాన్ని యు పెట్టి దిద్దుతుంది, ఆయనేమో డిక్షనరీ తెరిచి రెండూ ఒకటేనని ఇచ్చాడు చూస్కో అంటాడు. నిజంగానే కొన్నిట్లో ఒకదానికి అర్థంగా రెండోది ఇచ్చేసి ఊరుకున్నారు. మరి గ్రామర్ పుస్తకాల్లో ఒకటి దూరానికి, ఒకటి తీవ్రతకి అని విడదీసి ఎందుకు చెప్తారు? ఆ రూల్ ఎవరు పెట్టారు, పాటించకపోతే తప్పేనా? మధ్యలో నేను నలిగిపోతున్నా.

పెన్నుపోటు:
ఇందులో అంత గొడవేం లేదండీ. టేపు పెట్టి కొలవగలిగే దూరం అయితే ఫార్దర్, మిగతా అన్నిటికీ ఫర్దర్. ఫార్దర్‌లోనే "ఫార్" ఉంది కదా, ఫార్ అంటే దూరం, అదే కొండగుర్తు. రోజూ కాపీ ఎడిటింగ్ చేసేదాన్ని, నాకు ఇదొక్కటే చాలు. ఏపీ స్టైల్‌బుక్‌లో కూడా ఇదే ఉంది, నేల మీద దూరానికి ఫార్దర్, టైమ్ గానీ స్థాయి గానీ ఇంకా పెరిగితే ఫర్దర్. "ఇంకో ఐదు మైళ్ళు నడిచాం" అంటే ఫార్దర్, "ఈ విషయం ఇంకా లోతుగా చూద్దాం" అంటే ఫర్దర్. మీ ఆవిడ దిద్దింది కరెక్టే.

కొత్తపదం_99:
మా ఆవిడ కాదండీ, టీమ్‌లో ఆవిడ 🙏

చిలిపి_చుక్క:
ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనికి కూడా జీవో ఇచ్చిందా అనుకున్నా ఒక్క క్షణం

పెన్నుపోటు:
@చిలిపి_చుక్క అసోసియేటెడ్ ప్రెస్ అమ్మా. అమెరికన్ న్యూస్ ఏజెన్సీ. అక్కడ చాలా పేపర్లు వాళ్ళ రూల్సే ఫాలో అవుతాయి.

మాస్టారు_రిటైర్డ్:
పెన్నుపోటు గారు చెప్పింది అమెరికా వరకు బానే ఉంది. కానీ దాన్ని మొత్తం ఇంగ్లీషుకి రూల్ అంటే నేను ఒప్పుకోను. బ్రిటిష్ ఇంగ్లీషులో దూరానికి కూడా ఫర్దర్ హాయిగా వాడతారు. "హౌ మచ్ ఫర్దర్ ఈజ్ ఇట్?" అని అడిగితే ఇంకా ఎంత దూరం ఉందనే అర్థం, ఎవరూ వింతగా చూడరు. ఫౌలర్ అని ఇంగ్లీషు వాడుక మీద పెద్ద పుస్తకం రాసినాయన 1926లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. ఈ రెండు మాటల్నీ రెండు వేర్వేరు సందర్భాలకి పెట్టుకుని వాడేవాళ్ళు దాదాపు లేరు, ఎవరికి వాళ్ళు ఏదో ఒకటి పట్టుకుని అన్నిటికీ అదే వాడతారు, ఎక్కువమంది మొగ్గు ఫర్దర్ వైపే ఉంది అన్నాడు. అప్పటికే అలా ఉందంటే ఈ తేడా అంత గట్టిదేం కాదని అర్థమవుతోంది కదా. క్లాసులో పిల్లలకి నేను చెప్పేది ఒకటే, ఏ తో రాసేది దూరానికి మాత్రమే వాడండి, యు తో రాసేది ఎక్కడైనా వాడండి. ఈ రెండు వాక్యాలూ ఒకటే అనిపిస్తాయి గానీ కాదు, జాగ్రత్తగా చూడండి.

సందేహాలరాయుడు:
మాస్టారూ ఆ చివరి ముక్క ఇంకోసారి చెప్పండి. దూరానికి ఫర్దర్ వాడొచ్చు, కానీ తీవ్రతకి ఫార్దర్ వాడకూడదు, ఇదేనా మీరనేది?

మాస్టారు_రిటైర్డ్:
అంతే నాయనా. దారి ఒకవైపే తెరిచి ఉంది. ఫర్దర్ దూరం ఇంట్లోకి వస్తుంది, ఫార్దర్ తీవ్రత ఇంట్లోకి వెళ్ళలేదు. "ఫార్దర్ డీటెయిల్స్" ఎవరికైనా కళ్ళకి గుచ్చుకుంటుంది, అదే "టెన్ మైల్స్ ఫర్దర్" ఒక అమెరికన్ ఎడిటర్‌కి తప్ప ఎవరికీ గుచ్చుకోదు.

పెన్నుపోటు:
ఆ అమెరికన్ ఎడిటర్ దగ్గరే నా జీతం మాస్టారూ 😄

అక్షరాలపురుగు:
లేట్‌గా వచ్చా, క్షమించాలి, కానీ ఈ టాపిక్ చూశాక ఆగలేను. పెన్నుపోటు గారి కొండగుర్తు గుర్తుపెట్టుకోడానికి బావుంటుంది గానీ పుట్టుక చూస్తే అసలు కథ తిరగబడి ఉంది. రెండిట్లో పెద్దది ఫర్దర్. అది ఫార్ అనే మాటలోంచి రాలేదు. ముందుకు అనే అర్థం ఉన్న ఫోర్, ఫోర్త్ (నాలుగు, నాలుగోది కాదు) ఉన్నాయి చూడండి, ఆ కుటుంబం దానిది. అంటే మొదట్లో దానర్థం "ఇంకా దూరంగా" కాదు, "ఇంకా ముందుకు". పాత ఇంగ్లీషులోనే ఉంది, వెయ్యేళ్ళ పైమాటే. అప్పట్లో ఫార్‌కి దాని సొంత పోలిక రూపం వేరే ఉండేది, తర్వాత మధ్య ఇంగ్లీషు కాలానికి అది ఫారర్ లాంటి రూపంలో వినపడేది. అది మెల్లగా వాడుకలోంచి పోయింది. ఈలోగా ఫర్దర్‌కే ఒక మారురూపంగా ఫార్దర్ పుట్టింది, పుట్టి ఆ ఖాళీ అయిన సీట్లో కూర్చుంది. జనం ఫార్, ఫార్దర్, ఫార్దెస్ట్ అని వరసగా పెట్టి చూసి అబ్బ ఎంత బాగా కుదిరిందో అనుకున్నారు. కుదిరింది నిజమే, కానీ కన్న కొడుకు కాదు, దత్తత వచ్చినవాడు. కాబట్టి ఫర్దర్‌ని దూరానికి వాడటం ఇప్పటి జనం చెడగొట్టిన పద్ధతి అని ఎవరైనా అంటే నమ్మకండి, వందల ఏళ్ళ నుంచి రెండూ దూరానికి వాడుతూనే ఉన్నారు, విడదీసి చెప్పడమే తర్వాత వచ్చింది.

పన్లోపని ఇంకోటి. దూరానికి సంబంధించిన మాటలకి ఇలాంటి చరిత్రలు ఎక్కువ. నియర్ అనేది ఒకప్పుడు మామూలు రూపం కాదు, పోలిక రూపం. నై అంటే దగ్గర, నియర్ అంటే ఇంకా దగ్గర, నెక్స్ట్ అంటే అన్నిటికంటే దగ్గర. ఇప్పుడు నియర్‌కి మళ్ళీ ఒక పోలిక తగిలించి నియరర్ అంటున్నాం.

చిలిపి_చుక్క:
నెక్స్ట్ అంటే అన్నిటికంటే దగ్గర అనా!! ఇన్నాళ్ళు తెలీకుండా వాడేశానే

సందేహాలరాయుడు:
@అక్షరాలపురుగు మీరు చెప్పింది విన్నాక నాకు ఇంకో అనుమానం. అసలు ఫార్ అంటే దూరమే అని ఎవరన్నారు? "ఫార్ బెటర్" అంటే చాలా మెరుగు, అక్కడ దూరం ఎక్కడుంది. "యు హావ్ గాన్ టూ ఫార్" అని కోపంగా అంటే ఎదుటివాడు ఏదో ఊరు దాటి వెళ్ళాడని కాదు, హద్దు మీరాడని. "హౌ ఫార్ డు యు అగ్రీ" అని పరీక్షల్లో అడుగుతారు, ఎంతవరకు ఒప్పుకుంటావు అని. అంటే ఫార్ అనే మాటే దూరానికీ తీవ్రతకీ రెండిటికీ పనిచేస్తోంది. తండ్రి రెండు పనులూ చేస్తుంటే కొడుకు ఒక్క పనే చెయ్యాలి అనడం ఏం లాజిక్? టూ ఫార్ వెళ్ళాడు అని చెప్పి, దాని తర్వాత మెట్టు ఇంకా మీరితే మాత్రం ఫర్దర్ అనాలంట.

పెన్నుపోటు:
లాజిక్ అడిగితే ఇంగ్లీషులో ఏదీ నిలబడదు రాయుడు గారూ. వాడుక అలా స్థిరపడింది. మీరు ఫార్ బెటర్ అనండి, తప్పులేదు, కానీ "లెట్స్ డిస్కస్ దిస్ ఫార్దర్" అని రాసిస్తే నేను దిద్దుతాను, నేనే కాదు ఎవరైనా దిద్దుతారు.

సందేహాలరాయుడు:
సరే వాడుక అని ఒప్పుకున్నారు కదా, నాకు అది చాలు. రూల్ అనకండి.

లెన్స్‌వాలా:
గ్రామర్ నా సబ్జెక్ట్ కాదు, నేను లైటింగ్ మనిషిని, కానీ ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో వాటి వాటి చోట్లలో కూర్చునే ఉదాహరణ నా పనిలో రోజూ తగులుతుంది. ఒక చిన్న బల్బు ఉంది అనుకోండి. దాన్నుంచి మీరు దూరం జరిగే కొద్దీ మీ మీద పడే వెలుతురు తగ్గుతుంది. దూరం రెండింతలైతే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడింతలు జరిగితే తొమ్మిదో వంతు. దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే "యాజ్ యు మూవ్ ఫార్దర్ ఫ్రమ్ ది ల్యాంప్, ది లైట్ డ్రాప్స్ ఫర్దర్". మొదటిది మీటర్లలో కొలిచేది, రెండోది లక్స్‌లో కొలిచేది. రెండూ కొలవగలిగేవే గానీ ఒకటి జాగా, ఒకటి తీవ్రత. అందుకే పెన్నుపోటు గారు "కొలవగలిగేది" అన్నారు చూడండి, అక్కడ చిన్న సవరణ కావాలి, కొలవగలగడం కాదు పాయింటు, జాగా అవునా కాదా అన్నది.

పెన్నుపోటు:
@లెన్స్‌వాలా సూపర్ అండీ. నేను "కొలవగలిగే దూరం" అన్నాను, "కొలవగలిగేది" అనలేదు, కానీ మీ వాక్యం మాత్రం దాచుకుంటున్నా, కొత్తగా చేరినవాళ్ళకి చెప్పడానికి.

టైప్‌రైటర్_అక్క:
లెన్స్‌వాలా వాక్యంలో రెండో మాట కూడా ఏ తో రాస్తే ఏమవుతుందో చూడండి, వెలుతురు ఏదో ఎత్తు మీంచి ఇంకా దూరం కింద పడింది అన్నట్టు వినిపిస్తుంది. ఇలాంటిదే ఇంకోటి నాకు ఇష్టం. ఉయ్యాల మీద కూర్చున్న పిల్ల "డోంట్ పుష్ మీ ఎనీ ఫార్దర్" అంటే ఇంక ఎక్కువ దూరం ఊపకు, భయమేస్తోంది అని. అదే మాట ఒక పెద్దమనిషి పళ్ళు కొరుకుతూ "ఎనీ ఫర్దర్" అంటే ఇంక నన్ను రెచ్చగొట్టకు, ఊరుకోను అని. రాతలో ఒక్క అక్షరం మారితే సీనే మారిపోయింది. తేడా అక్కర్లేదు అనేవాళ్ళు ఇలాంటి చోట ఏం చేస్తారు?

మాస్టారు_రిటైర్డ్:
ఏమీ చెయ్యనక్కర్లేదు తల్లీ. రెండు చోట్లా యు తోనే రాయి, ఉయ్యాల ఉందా లేదా అని ముందు వాక్యమే చెప్పేస్తుంది. మాట్లాడుతున్నప్పుడు ఎవరైనా అక్షరం చూసి అర్థం చేసుకుంటారా.

టైప్‌రైటర్_అక్క:
అది నిజమే మాస్టారూ, కానీ ఉన్న సౌకర్యం వాడుకోకుండా ఎందుకు పారేసుకోవాలి అని నా బాధ.

చిలిపి_చుక్క:
మాట్లాడటం అంటే గుర్తొచ్చింది. బ్రిటిష్ యాక్సెంట్‌లో ఆర్ మింగేస్తారు కదా, అప్పుడు ఫార్దర్ కాస్తా అచ్చం "ఫాదర్" లాగే వినిపిస్తుంది. "ఐ వెంట్ ఫార్దర్" అంటే నేను వెళ్ళాను నాన్నా అన్నట్టుంటుంది. నేనైతే ఈ ఒక్క కారణానికే అన్నిటికీ ఫర్దర్ వాడతా

అక్షరాలపురుగు:
@చిలిపి_చుక్క జోక్ కాదు, నిజంగానే ఆ యాక్సెంట్లలో ఫార్దర్, ఫాదర్ రెండూ ఒకే ఉచ్చారణ. డిక్షనరీల్లో కూడా అలాగే ఇస్తారు.

రాత్రిపూటరీడర్:
అసలు ఇబ్బంది ఎవరూ ముట్టుకోలేదు. నేల మీద దూరం, పచ్చి తీవ్రత ఈ రెండూ తేలికే. మధ్యలో ఉన్నవాటి సంగతేంటి? ఒక నవల చదువుతున్నా, నా ఫ్రెండ్ కూడా అదే చదువుతోంది, తను నాకంటే మూడు చాప్టర్లు ముందుంది. "షి ఈజ్ ఫార్దర్ అలాంగ్" అనాలా "ఫర్దర్ అలాంగ్" అనాలా? పేజీలు లెక్కపెట్టొచ్చు, పుస్తకంలో ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరగడమే కదా, అంటే దూరమా? లేక ఎంత చదివింది అన్న స్థాయా? అలాగే "నథింగ్ కుడ్ బి ఫర్దర్ ఫ్రమ్ ది ట్రూత్" అంటారు, నిజానికి ఆమడ దూరంలో ఉంది అని. దూరం అన్న ఊహతోనే కదా ఆ మాట పుట్టింది, మరి అక్కడ యు ఎందుకు?

పెన్నుపోటు:
నవల విషయంలో నేను ఫార్దర్ అలాంగ్ ఉంచేస్తా. పేజీ అనేది ఒక చోటు. నిజం అనేది చోటు కాదు, అది ఊహలో దూరం, కాబట్టి ఫర్దర్ ఫ్రమ్ ది ట్రూత్. కానీ ట్రూత్ దగ్గర ఏ తో రాసేవాళ్ళూ ఉన్నారు, నేను చూశాను, అక్కడ నేను మరీ పట్టుపట్టను.

మాస్టారు_రిటైర్డ్:
నవల దగ్గర నేను ఒప్పుకోను. ముందుంది అంటే పని ఎంతవరకు వచ్చింది అని, అది ప్రగతి, ఫర్దర్ అలాంగ్. మీరు ఇ-బుక్‌లో చదువుతూ "నలభై శాతం అయ్యింది" అంటే అదేమైనా చోటా?

పెన్నుపోటు:
స్క్రీన్ మీద కూడా పేజీ తిప్పుతాం మాస్టారూ.

రాత్రిపూటరీడర్:
మీరిద్దరూ తేలేలోపు నేను నవల అవగొట్టేస్తా

లెన్స్‌వాలా:
షేర్ల ధర ఇంకా పడింది అంటే? గ్రాఫ్ మీద చూస్తే గీత నిజంగానే కిందకి దిగుతుంది కదా, స్కేలు పెట్టి కొలవొచ్చు.

పెన్నుపోటు:
ఫర్దర్. ధర పడింది, గీత దాని బొమ్మ మాత్రమే. ఉష్ణోగ్రత ఇంకా పడిపోయినా ఫర్దర్, థర్మామీటర్‌లో పాదరసం దిగినంత మాత్రాన అది ఫార్దర్ అవ్వదు. అదే పాదరసం గురించే రాస్తూ గొట్టంలో ఇంకో రెండు మిల్లీమీటర్లు దిగింది అంటే మాత్రం ఫార్దర్.

సందేహాలరాయుడు:
ఇదేదో తేడా కోసం తేడా లాగుంది గానీ ఆ పాదరసం ముక్క మాత్రం నాకు నచ్చింది.

కొత్తపదం_99:
ఇంత చర్చ అవుతుందని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒకటి మాత్రం ఇంకా అర్థం కాలేదు. "ఫర్దర్ మై కెరీర్" అని వర్బ్‌లాగా వాడటం చూశా, అక్కడ ఏ పెట్టి రాయొచ్చా?

టైప్‌రైటర్_అక్క:
అస్సలు కుదరదు. వర్బ్ అంటే ఫర్దర్ ఒక్కటే, ముందుకు తీసుకెళ్ళడం, తోడ్పడటం అని. అక్షరాలపురుగు చెప్పిన ఆ "ముందుకు" అనే పాత అర్థం ఇక్కడ బయటపడుతోంది చూడండి. అలాగే ఫర్దర్‌మోర్ అనే మాటకి ఏ తో జంట లేదు. "అన్‌టిల్ ఫర్దర్ నోటీస్", "విదవుట్ ఫర్దర్ అడూ", మీ మెయిల్‌లో మొదలెట్టే "ఫర్దర్ టు అవర్ కాల్", బ్రిటన్‌లో స్కూలు అయ్యాక యూనివర్సిటీ కాకుండా చదివే చదువులకి ఫర్దర్ ఎడ్యుకేషన్ అనే పేరు, ఇవన్నీ బిగుసుకుపోయిన మాటలు, కదిలించకూడదు. "అదనంగా" అనే అర్థం వస్తే చాలు, కళ్ళు మూసుకుని యు. ఈ విషయంలో అమెరికా వాళ్ళూ బ్రిటన్ వాళ్ళూ ఇద్దరూ ఒక్కటే. గొడవంతా దూరం దగ్గరే, అదనం దగ్గర గొడవ లేదు.

కొత్తపదం_99:
అంటే డీటెయిల్స్ విషయంలో ఆయన వాదన అసలు నిలబడదన్నమాట. డిక్షనరీలో ఒకటే అని ఇచ్చింది దూరం అనే అర్థం వరకేనా?

మాస్టారు_రిటైర్డ్:
అంతే. ఆయన డిక్షనరీ చూశాడు గానీ ఎన్నో నంబరు అర్థం అన్నది చూడలేదు.

లెన్స్‌వాలా:
అంతరిక్షం వాళ్ళకి ఈ బాధ లేదు, అక్కడంతా దూరమే. భూమి జులై మొదట్లో సూర్యుడికి బాగా దూరంగా ఉంటుంది, దాదాపు 15.2 కోట్ల కిలోమీటర్లు, జనవరి మొదట్లో 14.7 కోట్లకి దగ్గరవుతుంది. "ఇన్ జులై ది ఎర్త్ ఈజ్ ఫార్దర్ ఫ్రమ్ ది సన్". దూరంగా ఉన్న నెలలోనే ఉత్తరార్ధంలో ఎండాకాలం అని వింటే కొందరు నమ్మరు, అది భూమి ఒరుగు వల్ల, దూరం వల్ల కాదు, సరే అది వేరే టాపిక్.

పెన్నుపోటు:
అక్కడ మాస్టారు కూడా ఏ పెట్టాలి మరి 😀

మాస్టారు_రిటైర్డ్:
పెట్టను. ఫర్దర్ ఫ్రమ్ ది సన్ అని రాస్తాను, బ్రిటిష్ సైన్స్ పత్రికలో దాన్ని ఎవరూ కొట్టెయ్యరు.

రాత్రిపూటరీడర్:
పరీక్షలో బిట్ వస్తే ఏం చెయ్యాలి మాస్టారూ, అక్కడ రెండూ కరెక్టే అని రాయలేం కదా

మాస్టారు_రిటైర్డ్:
పరీక్ష వేరు. పేపరు పెట్టేవాడు ఈ తేడా కోసమే ఆ బిట్ పెడతాడు. వాక్యంలో మైళ్ళు, కిలోమీటర్లు, నడవడం, విసరడం, ఎగరడం కనబడితే ఏ. ఇన్ఫర్మేషన్, డిలే, యాక్షన్, డిస్కషన్ కనబడితే యు. అక్కడ నా బ్రిటిష్ వాదన పెట్టుకుని మార్కు పోగొట్టుకోవద్దు.

సందేహాలరాయుడు:
"ఫర్దర్ డిలే" లో కాలం ఇంకా సాగింది కదా, కాలానికి కూడా యు నేనా? కాలం కూడా ఒక రకం దూరమే అనుకుంటాం, "ఫార్ ఇన్ ది ఫ్యూచర్" అంటాం.

టైప్‌రైటర్_అక్క:
కాలానికి యు. "ఫర్దర్ బ్యాక్ ఇన్ హిస్టరీ" లాంటి చోట కొందరు ఏ కూడా రాస్తారు, టైమ్‌ని ఒక దారిలా ఊహించుకుని. యు పెడితే ఎవరూ అభ్యంతరం చెప్పరు.

చిలిపి_చుక్క:
ఫర్లాంగ్, ఫార్దింగ్ ఈ రెండూ కూడా వీటి చుట్టాలేనా? ఒకటి యు, ఒకటి ఏ, ఒకటి దూరం కూడాను

అక్షరాలపురుగు:
రెండూ కావు. ఫర్లాంగ్ అంటే నాగలి చాలు పొడవు, ఫర్రో, లాంగ్ కలిసిన మాట, మైలులో ఎనిమిదో వంతు. ఫార్దింగ్ అంటే నాలుగో వంతు, ఫోర్త్ అనే లెక్క మాట దాని మూలం, పాత పెన్నీలో నాలుగో వంతు నాణెం. చూడ్డానికి కవలల్లా ఉన్నా వేరే ఇంటివాళ్ళు.

కొత్తపదం_99:
లాస్ట్ డౌట్, ప్రామిస్. "అన్నిటికంటే" అనేటప్పుడు ఫార్దెస్ట్, ఫర్దెస్ట్ రెండూ ఉన్నాయా? వాటికీ ఇదే పద్ధతేనా?

పెన్నుపోటు:
రెండూ ఉన్నాయి, పద్ధతి కూడా ఇదే. కాకపోతే అక్కడ దూరం అర్థమే ఎక్కువ తగులుతుంది కాబట్టి అమెరికన్ రాతలో ఏ ఎక్కువ. 1977లో పంపిన వాయేజర్ 1 గురించి రాస్తే మనిషి చేసిన వస్తువుల్లో ఫార్దెస్ట్ అనే రాస్తారు. "హి వెంట్ ది ఫర్దెస్ట్ ఇన్ క్రిటిసైజింగ్ ఇట్" లాంటి తీవ్రత వాక్యాలకి యు. ఫర్దర్‌మోస్ట్ అని కూడా ఒకటుంది, నా టేబుల్ మీదకి ఎప్పుడూ రాలేదు, వస్తే ఫార్దెస్ట్ అని మార్చేస్తా.

మాస్టారు_రిటైర్డ్:
ఎందుకమ్మా మార్చడం, చక్కటి మాట.